కదలని నలభై ఒకటి

"తెర మీద నలభై ఒకటే ఉంది మేడమ్."

ముత్తుకుమార్ ఆ మాట అనడం అది మూడోసారి. బొమ్మక్క మూడుసార్లూ ఒకే ప్రశ్న వేసింది. అబద్ధమాడేవాడు మూడోసారికి తన కథను ఇంకాస్త నున్నగా చేసి చెప్తాడు, నిజం చెప్పేవాడు విసుక్కుంటాడు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆమె గమనించింది ఇదే. ముత్తుకుమార్ విసుక్కున్నాడు. విసుక్కుని, వెంటనే భయపడి తల దించుకున్నాడు.

కోవిల్‌పట్టి సబ్‌జైల్లో ములాఖతు గది అది. మధ్యలో జాలీ. అవతల పాతికేళ్ల కుర్రాడు, గడ్డం మాసిపోయి. ఇవతల బొమ్మక్క, స్టూలు మీద. ఆమె కాగితం మీద ఏదీ రాసుకోదు. రాసుకుంటుంటే ఎదుటివాడు పెన్ను వైపు చూస్తాడు గానీ తన వైపు చూడడని ఆమె అభిప్రాయం.

జరిగింది ఊరంతటికీ తెలుసు. పోయిన మంగళవారం, అందరూ భోజనాలకు వెళ్లిన వేళ, సెంగమలం మ్యాచ్ వర్క్స్‌లో ఒకటో నంబరు షెడ్డు తగలబడింది. అగ్గిపుల్లలకు మందు అద్దాక చట్రాల్లో పేర్చి, వేడిగాలి తోలి ఆరబెట్టే షెడ్డు అది. వేడి నలభై డిగ్రీల దగ్గర ఉంటే ఆరబోత, యాభై ఐదు దాటితే ప్రమాదం. లోపల ఉండిపోయిన కమలం అనే పనిమనిషి ఒళ్లు కాలి, స్పృహ లేకుండా నర్సింగ్‌హోమ్‌లో ఉంది. కంప్యూటర్ ముందు కూర్చుని వేడిని కనిపెట్టుకుని ఉండడం ముత్తుకుమార్ పని. తెర మీద ఎర్ర పెట్టె కనబడగానే సైరన్ నొక్కాలి. సైరన్ మోగలేదు. కుర్చీ వదిలిపెట్టి ఎక్కడికో పోయాడని కేసు. అతని అక్క విరుదునగర్ వచ్చి బొమ్మక్క డిటెక్టివ్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఆమె కేసు ఒప్పుకునేదాకా లేవలేదు.

"భోజనానికి లేచావా?"

"లేవలేదు. అక్కడే తిన్నాను. నిమ్మకాయ అన్నం."

"కునుకు తీశావా?"

"లేదు మేడమ్. ఒట్టు."

"ఎర్ర పెట్టె?"

"రాలేదు. వస్తే చూడకపోవడానికి నేనేం గుడ్డివాణ్ణా? తెర నిండా వస్తుంది అది."

"మౌస్ కదిపావా? ఏదైనా నొక్కావా?"

"లేదు. చూడ్డమే నా పని. ముట్టుకోకూడదని ఆర్డరు."

బొమ్మక్క స్టూలును జాలీ దగ్గరికి జరుపుకుంది. "కంప్యూటర్లు అప్పుడప్పుడు బిగుసుకుపోతాయి. నలభై ఒకటి దగ్గర అంకె ఆగిపోయి ఉండొచ్చు. అది నీకు తోచలేదా?"

"తోచింది. నాలుగుసార్లు చూశాను. బిగుసుకుపోలేదు."

"ఏం చూసి చెప్తున్నావు?"

"గడియారం నడుస్తోంది మేడమ్. తెర మీదే, కింద మూలన. సెకన్లతో సహా నడుస్తోంది. అది ఆగితే కంప్యూటర్ చచ్చినట్టు. నడుస్తోంది కాబట్టి బతికే ఉందనుకున్నాను."

బొమ్మక్క స్టూలు మీంచి లేచింది. ఇంతదాకా ఎవరూ ఈ కుర్రాణ్ణి ఆ ప్రశ్న అడగలేదని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది. 

*

ఆ కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాం రాసినవాడి పేరు ఇసక్కి. విరుదునగర్లో పప్పుల మండీ పైన రెండు గదుల ఆఫీసు. పల్చటి మనిషి, కళ్లజోడు. మంగళవారం నుంచి అతను సరిగా నిద్రపోయినట్టు లేడు. బొమ్మక్క ఎవరో తెలియగానే కుర్చీ చూపించాడు గానీ తాను కూర్చోలేదు.

"ఒక్కటే ప్రశ్న," అంది బొమ్మక్క. "ఒకే కిటికీలో గడియారం నడుస్తూ, పక్కనే ఉన్న వేడి అంకె మాత్రం ఆగిపోవడం జరుగుతుందా?"

ఇసక్కి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"జరుగుతుంది," అన్నాడు.

"ఎలా?"

"మీకు కనబడేది ఒకే కిటికీ. లోపల ఉన్నవి రెండు." అతను టేబుల్ మీద కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. ఫ్యాక్టరీలో ఉన్న ప్రోగ్రామే. "జావా అనే కంప్యూటర్ భాషలో తెర మీద బొమ్మలు గీయడానికి వేరు వేరు టూల్‌కిట్లు ఉన్నాయి. ఇదిగో, ఈ గ్రాఫు, ఈ వేడి అంకె, స్వింగ్ అనే టూల్‌కిట్‌తో గీసినవి. చుట్టూ ఉన్న చట్రం, మెనూలు, కింద గడియారం, ఎర్ర పెట్టె, ఇవన్నీ ఎస్‌డబ్ల్యుటి అనే ఇంకో టూల్‌కిట్‌వి."

"ఒకే దానితో చేసెయ్యకుండా రెండెందుకు కలిపారు?"

"గ్రాఫు పాతది. అరుప్పుకోట్టై మిల్లుల కోసం రెండేళ్లు కష్టపడి రాశాం. బాగా నడిచింది. తర్వాత ఈ కొత్త చట్రం వచ్చింది. ఇందులో ప్రోగ్రాం అంతా ఒకే ముద్దగా ఉండదు. వేడి కొలిచేది ఒక ముక్క, గ్రాఫు ఒక ముక్క, అలారం ఒక ముక్క. దేనికది రాసుకుని బిగించుకోవచ్చు, కావాలంటే ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. ప్లగిన్లంటాం. కానీ ఆ చట్రం ఎస్‌డబ్ల్యుటిది. గ్రాఫును మొదటినుంచి మళ్లీ రాసే తీరిక లేక, పాతదాన్నే తెచ్చి కొత్త కిటికీలో అతికించాం. చాలామంది చేసేదే. తప్పు కాదు."

"తప్పని నేననలేదు. అతుకు దగ్గర ఏమవుతుందో చెప్పండి."

ఇసక్కి అప్పుడు కూర్చున్నాడు.

"ఒక్కో టూల్‌కిట్‌కూ బొమ్మ గీసే పనివాడు ఒక్కడే ఉంటాడనుకోండి. స్వింగ్ బొమ్మ మీద స్వింగ్ పనివాడే చెయ్యి వెయ్యాలి. ఎస్‌డబ్ల్యుటి బొమ్మ మీద ఎస్‌డబ్ల్యుటివాడే. వేడి గీత దాటిందని ముందు తెలిసేది స్వింగ్‌వాడికి, గ్రాఫు వాడిదే గనక. ఎర్ర పెట్టె వాడు తెరవలేడు. అందుకని అవతలివాణ్ణి పిలిచి, పెట్టె తెరువు అంటాడు. మనిషెవరైనా వచ్చి పెట్టెలో 'సరే' నొక్కేదాకా అక్కడే కాచుకుని నిలబడతాడు."

"నిలబడితే వాడు గీసేవి?"

"ఆగిపోతాయి. గ్రాఫు, అంకె, అన్నీ. ఎక్కడున్నవి అక్కడే."

"గడియారం?"

"అది అవతలివాడిది. వాడు పెట్టె తెరిచి పెట్టి, తన మిగతా పనులు తాను చూసుకుంటాడు. నడుస్తూనే ఉంటుంది."

"అలా కాచుకుని నిలబడేలా ఎందుకు రాశారు?"

"నొక్కకుండా ఎవరూ తప్పించుకోకూడదని. ఎర్ర పెట్టె కళ్లెదుట పడ్డాక చూడకుండా ఎవరుంటారు మేడమ్? చూస్తారు, నొక్కుతారు, అంకె మళ్లీ నడుస్తుంది. అలా అనుకున్నాం."

"అలారం గీత యాభై ఐదు కదా?"

"అవును."

"అయితే అంకె యాభై ఐదు దగ్గర ఆగాలి. నలభై ఒకటి దగ్గర ఆగింది."

ఇసక్కి తెర మీది అంకె వైపు వంగి చూశాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "గీతను దించారు. నలభై ఒకటికి. సెట్టింగుల్లో మార్చొచ్చు."

"రోజూ ఉండే వేడికే అలారం లేచేలా పెట్టారు. అది లేచింది, అంకె ఆగింది. ఆ తర్వాత లోపల ఎంత వేడెక్కినా తెర మీద నలభై ఒకటే. అంతేనా?"

"అంతే. కానీ ఎర్ర పెట్టె అతనికి కనబడాలి కదా."

"అదే నాక్కూడా అర్థం కావడం లేదు," అంది బొమ్మక్క. "రేపు పొద్దున నాతో కోవిల్‌పట్టి రండి."

ఆ సాయంత్రమే ఆమె ఫ్యాక్టరీ యజమాని తంగరాజ్‌కు ఫోన్ చేసి, ఇంజనీరును వెంటబెట్టుకుని వస్తున్నానని, కంప్యూటర్ గది చూడాలని చెప్పింది. ఆయన వెంటనే సరేనన్నాడు.

*

వాళ్లు వెళ్లేసరికి కంప్యూటర్ గదిలో హరిహరన్ ఉన్నాడు.

అతను ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున వచ్చిన పరిశోధకుడు. మదురై మనిషి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, బూట్లు. బొమ్మక్కతో అతనికిది మొదటి తగాదా కాదు. ఇంతకుముందు రెండు కేసుల్లో ఎదురుపడ్డారు. ఒకటి అతను గెలిచాడు, ఒకటి ఆమె. ఓడినదాన్ని అతను మరిచిపోలేదు.

"ఆలస్యంగా వచ్చారు," అన్నాడు తమిళంలో. "నా పని అయిపోయింది. గంట నుంచి ఇక్కడే ఉన్నాను."

తలుపు పక్కన తంగరాజ్ నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్ల మనిషి, పంచె, భుజం మీద తువ్వాలు. నల్లరేగడి చేలు అమ్మి ఫ్యాక్టరీ పెట్టిన కుటుంబం. బొమ్మక్కను చూసి, ఇద్దరికీ ఇంటి భాష అయిన తెలుగులోకి మారాడు.

"రా మ్మా. పుదూరు పక్క మనిసివంట కదా నువ్వు. ఎండలో వొస్తివి, మజ్జిగ తాగుతావా?"

"తర్వాత తాగుతాను మామా," అంది బొమ్మక్క. వయసులో పెద్దవాణ్ణి, పైగా తమవాళ్లలో ఒకణ్ణి, ఇంకేమని పిలుస్తుంది. తర్వాత హరిహరన్ వైపు తిరిగి తమిళంలో, "ఏం తేల్చారు?" అని అడిగింది.

"తేల్చడానికేముంది? వేడి కొలిచే ముక్క తెరతో పని లేకుండా తన లెక్క తాను రాసుకుంటుంది. అది అబద్ధం చెప్పదు. పన్నెండుంబావుకు వేడి యాభై ఐదు దాటింది. ఒంటిగంటకు మంట. మధ్యలో ముప్పావు గంట. అలారం లేచింది. ఎవరూ నొక్కలేదు. మీ కుర్రాడు కుర్చీలో లేడు."

"అలారం ఎన్నింటికి లేచింది?"

"చెప్పాను కదా, అలారం లేచిందని."

"ఎన్నింటికి?"

హరిహరన్ తన దగ్గరున్న కాగితం చూశాడు. "పదకొండు నలభైకి."

"యాభై ఐదు దాటింది పన్నెండుంబావుకు అంటున్నారు. అరగంట ముందే అలారం ఎందుకు లేచింది?"

హరిహరన్ చెవుల దగ్గర ఎర్రబడింది.

"యంత్రం తప్పై ఉంటుంది," అన్నాడు.

"ఇందాక యంత్రం అబద్ధం చెప్పదన్నారు."

"మాటలతో కేసు గెలవలేరు బొమ్మక్కగారూ. అలారం అరగంట ముందు లేచినా సరే, గంట ముందు లేచినా సరే. లేచింది. ఎర్ర పెట్టె తెరుచుకుంది. అతను చూడలేదు. అది చాలు నాకు."

"తెరుచుకుంది, ఒప్పుకుంటాను. ఎక్కడ తెరుచుకుంది?"

"ఎక్కడేమిటి? తెర మీద."

"ఏ తెర మీద?"

హరిహరన్ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. గదిలో ఉన్నది ఒకే తెర. బొమ్మక్క అతన్ని పట్టించుకోకుండా టేబుల్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని కంప్యూటర్ను ముందుకు లాగింది. వెనకంతా మందుపొడి, దుమ్ము, సాలెగూడు. తెర వైరు బిగించే సాకెట్లు రెండున్నాయి. ఒకదానికి వైరుంది, దాని మీద దుమ్ము పేరుకుంది. రెండోదానికి ఏమీ లేదు, కానీ దాని మీద దుమ్ము కూడా లేదు. స్క్రూల మీద గీతలు కొత్తగా మెరుస్తున్నాయి.

"ఇసక్కీ, దీనికి రెండో తెర తగిలించొచ్చా?"

"తగిలించొచ్చు. రెండూ కలిసి ఒకే పొడుగాటి తెరలా పనిచేస్తాయి. ఇక్కడున్న పెట్టెను లాగి అక్కడ వదలొచ్చు." చెప్తూ చెప్తూ ఇసక్కి ఆగాడు. "మేడమ్, ఎర్ర పెట్టెను ఒకసారి ఎక్కడికి లాగి వదిలితే, తర్వాత ఎప్పుడు తెరిచినా అక్కడే తెరుచుకుంటుంది. అలాగే రాశాం."

గోడలో, టేబుల్ వెనక, వైరు పట్టేంత చిల్లు ఉంది. బొమ్మక్క లేచి బయటికి నడిచి పక్కగది ముందు ఆగింది. తాళం. కిటికీ అద్దం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి చూసింది. ఒక టేబుల్, ఒక కుర్చీ. టేబుల్ మీద దట్టంగా దుమ్ము, దాని నడుమ నలుచదరంగా శుభ్రమైన చోటు. అక్కడ ఉండిన తెరను ఎవరో ఈ మధ్యనే ఎత్తుకుపోయారు. కుర్చీ మాత్రం ఆ చోటుకు ఎదురుగా ఇంకా అలాగే ఉంది.

హరిహరన్ కూడా వచ్చి అద్దంలోంచి చూశాడు.

"ఈ గది తాళం చెవి ఎవరి దగ్గర ఉంది మామా?"

"మేనేజరు దగ్గర మ్మా. సీనివాసన్ అని, నా చెల్లెలి మొగుడు. ఈ గది ఎవరూ వాడరే." తంగరాజ్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఇప్పుడే బయటికి పొయినాడు."

*

వాళ్లు మళ్లీ కంప్యూటర్ గదిలోకి వచ్చారు. హరిహరన్ వాదన వదల్లేదు. తెర ఒకటి అక్కడ ఉండేదంటే ఒప్పుకుంటాననీ, దాని మీద ఎర్ర పెట్టె కనబడిందనడానికి రుజువేదనీ అడుగుతున్నాడు. బొమ్మక్క వినడం లేదు. ఆమె తెర వైపు చూస్తోంది.

ఒకటో షెడ్డు కాలిపోయినా రెండో షెడ్డు పని ఆగలేదు. ఈ గోడకు ఆనుకునే ఉంది అది. తెర మీద ఇప్పుడున్నది దాని వేడి. కింద మూలన గడియారం సెకన్లతో సహా నడుస్తోంది. పైన అంకె నలభై ఒకటి.

"హరిహరన్ గారూ. గంట నుంచి ఇక్కడే ఉన్నానన్నారు."

"అవును."

"ఈ అంకె మారడం చూశారా?"

అతను తెర వైపు చూశాడు. "నలభై ఒకటి. నిలకడగా ఉంది. నేను వచ్చినప్పుడూ అంతే."

"ఇసక్కీ, షెడ్డులో వేడి గంటసేపు కదలకుండా ఉంటుందా?"

ఇసక్కి మొహం పాలిపోయింది. "ఉండదు. తలుపు తీసినా ఒక డిగ్రీ దిగుతుంది. ఎప్పుడూ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది." అతను ముందుకు వంగి, మౌస్ పట్టుకుని గ్రాఫు మీద నొక్కాడు. కంప్యూటర్ 'టుంగ్' అంది. ఇంకేమీ జరగలేదు. మెనూ మీద నొక్కాడు. మళ్లీ 'టుంగ్'.

"పెట్టె తెరిచే ఉంది," అన్నాడు. "ఇప్పుడే, ఈ క్షణాన. మనకు కనబడని చోట. రెండో తెర తీసుకుపోయారు గానీ అది లేదని కంప్యూటర్‌కు తెలీదు."

"నొక్కండి."

"మౌస్ అందదు."

"కీబోర్డుతో."

ఇసక్కి ఎంటర్ నొక్కాడు.

గ్రాఫు ఒక్కసారి కుదిపినట్టు ఎగిరింది. ఎర్రగీత నిట్టనిలువుగా పైకి పోయి ఆగింది. నలభై ఒకటి పోయి అరవై ఎనిమిది వచ్చింది. చూస్తుండగానే అరవై తొమ్మిది.

"లోపల ఎంతమంది?" బొమ్మక్క అప్పటికే సైరన్ మీట మీద చెయ్యి వేసింది.

"పదకొండు మంది ఆడోళ్లు," అన్నాడు తంగరాజ్. సైరన్ మోతలో అతని మిగతా మాట వినబడలేదు.

తర్వాత జరిగిందాన్ని బొమ్మక్క ముక్కలు ముక్కలుగానే గుర్తు పెట్టుకోగలిగింది. హరిహరన్ ఆమెకన్నా ముందు పరిగెత్తాడు. షెడ్డు తలుపు వేడికి బిగిసిపోయి రాలేదు. అతను భుజంతో మూడుసార్లు గుద్దాడు. తలుపు ఊడింది. మందు వాసనతో వేడిగాలి మొహాన కొట్టింది. లోపల ఆడవాళ్లు సైరన్‌కు లేచి, ఎటు పోవాలో తెలియక చట్రాల మధ్య నిలబడిపోయారు. పోయిన మంగళవారం చూసినవాళ్లు వాళ్లు. బొమ్మక్క ఒక్కొక్కరి చెయ్యి పట్టి తలుపు వైపు తోసింది. "పరిగెత్తండి! వెనక్కి చూడకండి!" ఆఖరామె గడప దాటుతుండగా మూలన ఒక చట్రం 'బుస్సు'మని అంటుకుంది. హరిహరన్ ఇసుక బకెట్లు రెండు దాని మీద కుమ్మరించాడు. ఇసక్కి మూడోది అందించాడు. మంట పొగై, ఆ పొగ కూడా పలచబడింది.

బొమ్మక్క లెక్క పెట్టింది. పదకొండు మంది. ఒకామె చీర అంచు కాలింది. అందరూ బతికే ఉన్నారు.

వేడిగాలి మోత ఆగిపోయిందని ఆమెకు అప్పుడు తట్టింది. ఎవరో ఆపారు.

*

షెడ్డు వెనక సందులో తంగరాజ్ గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఎదురుగా, రెండు షెడ్ల గాలినీ వేడెక్కించే ఆవిరి గొట్టం. గొట్టానికి గోడ పగులులో, తుక్కు వెనక, అదనంగా ఆవిరి వదిలే చిన్న వాల్వు ఒకటి ఉంది. దాని చక్రం మూసే వైపు గట్టిగా తిప్పేసి ఉంది. ఆయన రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి.

బొమ్మక్క ఆయన ఎదుట నిలబడింది. ఇంటి భాషలోనే అడిగింది.

"మామా, అందరమూ తలుపు తట్టు పరిగెత్తితిమి. మీరొక్కరే ఇటు వొస్తిరి. పెద్ద వాల్వు ముందర ఉండాది. దాన్ని మీరు చూడను కూడా చూడలా. ఈ తుక్కు వెనక ఇంకొకటి ఉండాదని మీకెట్ల తెలుసును?"

తంగరాజ్ చేతులు చూసుకున్నాడు. దూరంగా ఆడవాళ్లు ఏడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో ఎవరి పేరో పిలుస్తున్నారు.

"మన మనిసివి నువ్వు," అన్నాడు.

"అందుకే పక్కకు వొచ్చి అడుగుతా ఉండాను."

"పాత షెడ్డు మ్మా అది. ఇంగ పనికి రాదనేసిరి. తినే వేళకు కాళీగా ఉంటుంది, అప్పుడు కాలిపోతే ఇన్సూరెన్సుతో కొత్తది కట్టుకుందామనుకుంటిమి. ఎవరికీ ఏమీ కాదనుకుంటిమి. కమలం మళ్లీ లోపలికి పోయిందని నాకు తెలీదు. సామి సత్తెంగా తెలీదు. మంగళవారం నుంచి నాకు అన్నం దిగలా."

"ముత్తుకుమార్ జైల్లో ఉండాడు. వాడికి దిగతా ఉండాదా?"

ఆయన తల వంచేశాడు.

"మరి ఇవాళ? పదకొండు మందిని లోపల పెట్టి..."

తంగరాజ్ తల ఎత్తాడు. "ఇవాళ్టిది నేను కాదు! నేను నీ ముందరే ఉంటిని కదా. ఆడోళ్లను లోపల పెట్టి నేను చేస్తానా? ఆ గాలి మోత విన్నంక తెలిసిపోయె నాకు, మళ్లీ అదే వాల్వు తిప్పినాడని."

"ఎవరు?"

"నాకు కంప్యూటర్ ఏం తెలుసును మ్మా. గీత దించింది, పక్కగదిలో తెర పెట్టింది, ఆ రోజు దాని ముందర కూర్చునింది, ఈ వాల్వు తిప్పింది, అన్నీ అతనే. సీనివాసన్. ఆలోచన కూడా అతనిదే."

బొమ్మక్కకు ఇక మిగతాది చెప్పించుకోనక్కర్లేదు. "నేను ఇంజనీరును తెస్తానని ఎవరికి చెప్పినారు?"

"రాత్రి అతనికొక్కడికే చెప్తిని."

రెండో షెడ్డు అంటుకుంటే పక్కనే ఉన్న కంప్యూటర్ గది మిగలదు. మార్చిన గీతా, గుర్తుపెట్టుకున్న పెట్టె చోటూ, ఆ గోడ చిల్లూ, అన్నీ ఒక్క గంటలో బూడిద. అందులో పదకొండు మంది ఉన్నారన్నది సీనివాసన్‌కు అడ్డు కాలేదు.

హరిహరన్ సందులోకి వచ్చాడు. తెల్లచొక్కా భుజం దగ్గర చిరిగి, నల్లగా మసి. ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూశాడు. అతనికి ఈ తెలుగు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమంటున్నాడు?"

బొమ్మక్క చెయ్యి ఎత్తి అతన్ని ఆపింది. "మామా, సీనివాసన్ ఎక్కడ?"

"నర్సింగ్‌హోముకు పొయినాడు. కమలం కళ్లు తెరిచిందని పొద్దున ఫోను వొచ్చె. చూసొస్తానని పొయినాడు."

"కమలం ఆ రోజు లోపలికి పొయినప్పుడు ఈ వాల్వు దగ్గర ఎవరుండారు?"

తంగరాజ్ కళ్లు మూసుకున్నాడు. "అతనే. కాలిన షెడ్డు కిటికీలోంచి కమలం అతన్ని చూసిందంట. అతనే చెప్పె నాకు."

బొమ్మక్క సెల్‌ఫోన్ తీసి నర్సింగ్‌హోమ్ నంబరు కలిపింది. చాలాసేపు మోగాక ఒక నర్సు ఎత్తింది. కమలం పేరు చెప్పగానే ఆమె తడుముకోకుండా జవాబిచ్చింది. మదురైలో పెద్ద డాక్టరుకు చూపిస్తామని వాళ్ల మేనేజరు వచ్చారు, బంధువునని చెప్పి కారులో పడుకోబెట్టుకుని తీసుకెళ్లారు, పాపం చాలా మంచివారు.

"ఎప్పుడు?"

"ఇందాకే మేడమ్. అరగంట కూడా కాలేదు."

బొమ్మక్క ఫోన్ పెట్టేసి, హరిహరన్‌తో తమిళంలో అంది. "అసలు దోషి మేనేజరు సీనివాసన్. కమలాన్ని కారులో ఎక్కించుకుని మదురై వెళ్లాడట. స్టేషనుకు ఫోన్ చెయ్యండి. మదురై రోడ్డు ఆపమనండి."

హరిహరన్ ఎదురు ప్రశ్న వెయ్యకుండా ఫోన్ తీశాడు. అప్పుడు తంగరాజ్ గోడ పట్టుకుని పైకి లేచాడు. బొమ్మక్క చీర చెంగు అందుకోబోయి, తన చేతులు చూసుకుని ఆగిపోయాడు.

"మదురై పోడు మ్మా అతను."

"ఏమి?"

"ఆలంగుళం తట్టు పోతాడు. అక్కడ అతనిది సున్నపురాయి గుంత ఒకటి ఉండాది. తవ్వేది నిలిపి శానా దినాలాయె. మనుసులు పోరు ఆ పక్కకు. ఇప్పుడు దాని నిండా నీళ్లుండాయి."

హరిహరన్‌కు తెలుగు రాదు. బొమ్మక్క మొహం చూసి, జేబులోంచి జీపు తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.